మల్లకూటా రేవులో మా పాపను కాచిన పెద్దావిడకు

2019 డిసెంబర్ 31. ఆస్ట్రేలియాలోని మల్లకూటాలో తెల్లారాక కూడా చిమ్మచీకటి, ఆ తర్వాత ఆకాశమంతా ఎర్రెరుపు. కార్చిచ్చుకు జడిసి వేలమందిమి నీటి ఒడ్డుకు చేరాం. మెల్‌బోర్న్ నుంచి సెలవులకు వెళ్లిన మాకు టెన్షన్‌తో కాళ్లూచేతులూ ఆడలేదు. మీరే పలకరించి, నైలాన్ జాకెట్ నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుందని విప్పించి, పాపకు ఉన్ని దుప్పటి చుట్టారు. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదట! మీ వీధి వైపే పొగ లేస్తున్నా మంచినీళ్లు పంచుతూనే ఉన్నారు.

ఊళ్లో వందకు పైగా ఇళ్లు కాలిపోయాయి. జనవరి 3న మేం నేవీ ఓడెక్కేశాం, మీరు ఉండిపోయారు. తర్వాత మీ ఊరివాళ్లే ఓట్లేసి పునర్నిర్మాణ సంఘాన్ని ఎన్నుకున్నారని చదివి సంబరపడ్డాం. మీ పేరైనా తెలీదు. మీ మేలు ఈ జన్మకు మర్చిపోమమ్మా.