మగవాళ్లకు చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో ఆశా కార్యకర్తలకు తోడుగా కుటుంబ నియంత్రణ గురించి చెప్పే వలంటీర్లలో నేనొకణ్ణి. మేం మాట్లాడేది మహిళా సంఘాల మీటింగుల్లోనో, అంగన్‌వాడీలోనో. వినేది ఆడవాళ్లే. ఇంట్లో నిర్ణయం చేసే భర్త, అత్త అక్కడ ఉండరు.

ఫలితం లెక్కల్లోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన జంటల్లో ఆడవాళ్ల ఆపరేషన్ 37.9 శాతమైతే, మగవాళ్లది 0.3 శాతం! నిజానికి మగవాళ్లకు చేసే ఆపరేషన్, అంటే వేసెక్టమీయే తేలిక. కత్తి కోత, కుట్లు లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, అదే రోజు ఇంటికి పోవచ్చు. "బస్తాలు మోయలేం, మగతనం పోతది" అన్న భయం ఊరూరా వింటున్నాం. రెండూ అబద్ధమే. కానీ ఆపరేషన్ తర్వాత మూడు నెలలు నిరోధ్ వాడాలని, ఆపై వీర్య పరీక్ష చేయించుకోవాలని గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. అది చెప్పక గర్భం వస్తే, నింద మళ్లీ ఆడమనిషి మీదికే.

ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. మూడు నెలలకో 'అంతర' ఇంజెక్షన్, 'ఛాయ' మాత్రలు, కాపర్-టి సర్కారు దవాఖానల ద్వారా ఉచితమే. ఏది కావాలన్నది దంపతుల ఇష్టం. మా పని చెప్పడం వరకే.

వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర తూకం కోసం మగవాళ్లు గంటల తరబడి కూర్చుంటారు. ఆరోగ్య శాఖ అక్కడికి మగ ఆరోగ్య కార్యకర్తలను పంపాలి. ఏటా నవంబరులో మొదలయ్యే వేసెక్టమీ పక్షోత్సవాలూ, వానాకాలం వడ్ల కొనుగోళ్లూ ఎలాగూ ఒకేసారి వస్తాయి.

— ఒక వలంటీర్, నర్సంపేట, వరంగల్ జిల్లా