వేగం తగ్గించే ల్యాప్‌టాప్ కారణం కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

లెక్కల పుస్తకాలు సరిచూడటం నా వృత్తి కాబట్టి రోజులో ఎక్కువ భాగం ల్యాప్‌టాప్ ముందే గడుస్తుంది. కొంతకాలం కిందట అది ఉన్నట్టుండి మొరాయించింది. మీట నొక్కిన చాలాసేపటికి గాని అక్షరం తెరమీద పడేది కాదు. మరమ్మతు చేసేవారికి చూపిస్తే విండోస్ మళ్లీ ఎక్కించాలన్నారు, ఎక్కించారు. ఫలితం లేకపోయేసరికి ర్యామ్ చాలదన్నారు, పెంచారు. అయినా అదే తీరు. చివరికి ప్రాసెసర్ పని అయిపోయిందని, కొత్త ల్యాప్‌టాప్ తీసుకోవడమే మేలని తేల్చారు.

మనసొప్పక ఇంటికి తెచ్చి, యంత్రం పనితీరును చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరిచాను. ప్రాసెసర్ మూల వేగం, అంటే మామూలుగా నడవాల్సిన వేగం, 1.80 గిగాహెర్ట్జ్ అని అక్కడే రాసి ఉంది. నడుస్తున్న వేగం మాత్రం 0.39 దగ్గర పాతుకుపోయి ఉంది. ఏ ఫైలు తెరిచినా ఆ అంకె కదలలేదు. యంత్రాన్ని పక్కకు జరపబోతుంటే ఛార్జర్ ఊడింది. చూస్తుండగానే అంకె 2 దాటింది. మళ్లీ గుచ్చితే 0.39, తీస్తే 2 పైన. నాలుగైదుసార్లు చేసి చూశాక ఛార్జర్ కొనను వెలుతురులో పెట్టి పరిశీలిస్తే, లోపల మధ్యనుండే సన్నని పిన్ను ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఆ పిన్ను ద్వారానే ఛార్జర్ తాను ఎన్ని వాట్లదో తెలియజేస్తుంది. ఆ సమాచారం అందకపోతే, వచ్చే విద్యుత్తు చాలుతుందో లేదోనన్న జాగ్రత్తతో యంత్రం ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి దించేస్తుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఇందుకు ప్రాక్‌హాట్ అనే సంకేతం వాడతారు. పేరునుబట్టి అది వేడికి సంబంధించినదే అయినా, మదర్‌బోర్డు మీది ఇతర భాగాలు కూడా ఆ సంకేతాన్ని పంపగలవు. అది అందగానే ప్రాసెసర్ తాను చల్లగా ఉన్నా సరే వేగం తగ్గించుకుంటుంది.

వేగం తగ్గించుకోవడం తప్పని నేను అనడం లేదు. ప్రాసెసర్ ఖర్చుచేసే విద్యుత్తు దాని వేగంతోపాటు, వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి కూడా పెరుగుతుంది కాబట్టి, పని లేనప్పుడు రెండింటినీ దించడం వల్లనే బ్యాటరీ గంటల తరబడి నిలుస్తోంది. ఉష్ణోగ్రత దాదాపు 100 డిగ్రీలకు చేరినప్పుడు వేగం తగ్గించుకోకపోతే ఆ చిప్పు మన్నదు. అలాంటి వేడికి మూలం చాలాసార్లు ఫ్యాన్ దగ్గరి రేకుల మధ్య దుప్పటిలా పేరుకున్న దుమ్మో, చిప్పు వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోవడమో అయి ఉంటుంది. కొన్నిసార్లు సమస్య కేవలం అమరికలది. పవర్ మోడ్ పొదుపు మీద ఉండిపోవచ్చు, లేదా పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని ఎవరో 100 నుంచి 99 శాతానికి మార్చి ఉండవచ్చు. ఆ ఒక్క శాతంతో చాలా యంత్రాల్లో టర్బో వేగం, అంటే అవసరమైనప్పుడు మూల వేగాన్ని మించి అందుకునే వేగం, పూర్తిగా ఆగిపోతుంది.

నా ఫిర్యాదల్లా వేగం తగ్గించిన కారణం చెప్పని యంత్రం మౌనం గురించే. విండోస్‌లో జరిగిన సంఘటనల నమోదును చూపే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ చిట్టా తెరిస్తే, 37వ నంబరు హెచ్చరిక వరుసగా కనిపించింది. ప్రాసెసర్ వేగాన్ని ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే పొందుపరిచిన మూల సాఫ్ట్‌వేర్) పరిమితం చేస్తోందని, ఆ స్థితి ఎన్ని సెకన్లుగా సాగుతోందో కూడా లెక్కకట్టి రాసి ఉంది. నేను విండోస్ తిరగ ఎక్కించుకుంటూ, ర్యామ్ మార్పించుకుంటూ తిరిగిన రోజుల్లో యంత్రం ఆ సంగతిని తన చిట్టాలో రాసుకుంటూనే ఉందన్నమాట. అదే మాటను, ఛార్జర్‌ను గుర్తించలేకపోతున్నానన్న మరొక్క వాక్యంతో కలిపి, తెరమీద చూపించడానికి అడ్డేమిటి? బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగం తగ్గిస్తున్నామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకొని, వినియోగదారులకు క్షమాపణ చెప్పి, మరుసటి ఏడాది బ్యాటరీ స్థితిని చూపే పేజీని ఫోన్లలోనే పెట్టింది. ఫోనుకు సాధ్యమైనది ల్యాప్‌టాప్‌కు అసాధ్యం కాదు.

కారణం తెలియనప్పుడు జనం ప్రమాదకరమైన చిట్కాలకు పాల్పడతారు. థ్రాటిల్‌స్టాప్ వంటి సాఫ్ట్‌వేర్‌తో, బయటినుంచి వచ్చే ప్రాక్‌హాట్ సంకేతాన్ని ప్రాసెసర్ పట్టించుకోకుండా చేయవచ్చు. ఒరిగిన పిన్ను విషయంలో అది తాత్కాలికంగా పనికొస్తుంది గాని, మదర్‌బోర్డు మీద నిజంగానే ఏదైనా భాగం కాలిపోయేంత వేడెక్కి మొరపెట్టుకుంటుంటే, ఆ మొర వినబడకుండా చేసినట్టే. నేను ఆ జోలికి పోలేదు. సరైన ఛార్జర్ తెచ్చుకున్నాను. ఆ పాత ప్రాసెసర్‌తోనే ఇప్పటికీ పని సాగుతోంది.

మీ సాంకేతిక పేజీకి కూడా ఒక విన్నపం. ల్యాప్‌టాప్ పరిచయాల్లో టర్బో వేగాన్ని పెద్ద అక్షరాలతో ప్రచురిస్తున్నారు. సన్నని ల్యాప్‌టాప్‌లలో వాడే 15 వాట్ల ప్రాసెసర్ ఆ వేగాన్ని అందుకునేది కొద్దిసేపే. ఆ తర్వాత విద్యుత్ పరిమితికి లోబడి కిందికి దిగుతుంది. కాబట్టి అరగంట బరువైన పని చేయించాక నిలిచే వేగమెంతో, ఛార్జర్ తీసేస్తే ఎంతకు పడిపోతుందో కూడా కొలిచి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు