మంత్రిగారూ, కట్టల లోపల కూడా ఓసారి చూపించండి

జలవనరుల శాఖ మంత్రి గారికి,

నేను విశాఖలో కుళాయి నీళ్ళ మీద బతికే మామూలు మనిషిని. మాకు నీళ్ళిచ్చే మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల పేర్లు మాకు ఎండల్లో నీళ్ళు తగ్గినప్పుడూ తుఫానుకి గేట్లు ఎత్తినప్పుడూ తప్ప గుర్తు రావు. గేట్ల సంగతి మీవాళ్ళు చూసుకుంటారు, నా టెన్షనంతా మట్టికట్టల గురించి.

మట్టికట్టలోంచి కాస్త నీరు ఊరడం మామూలే, తేటగా ఎప్పుడూ ఒకేలా వస్తే భయం లేదు, ఆ ఊట మట్టిని తోడుకుంటూ లోపల సొరంగం చేసుకుంటేనే ప్రమాదం. అమెరికాలో టీటన్ డ్యాం దగ్గర 1976 జూన్ 5న పొద్దున్న బురదనీరు కారడం చూశారు, మధ్యాహ్నం కాకముందే కట్ట తెగింది, 11 మంది పోయారు. లస్కరు (కట్టని కనిపెట్టుకుని ఉండే పనివాడు) కట్ట కింద నడిచి చెమ్మ చూసొస్తే సరిపోదనేది అందుకే. (2021 నవంబరులో మన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట వరద మీదుగా పొర్లడంతో తెగింది, అది వేరే కథ.)

మా మావయ్య పొలంలో బోరు పాయింటు కోసం ఇనప మేకులు పాతి కరెంటు పంపి చూశారు, తడి ఉన్నచోట కరెంటు తేలిగ్గా పోతుందని. అదే రెసిస్టివిటీ సర్వే, కట్ట పొడవునా చేస్తే లోపలి చెమ్మ బొమ్మలా వస్తుంది. ఇంకో పద్ధతిలో కరెంటు పంపడం కూడా అక్కర్లేదు: మట్టి రేణువుల సందుల్లోంచి పారే నీరు విద్యుదావేశాన్ని లాక్కెళ్తుంది కాబట్టి నేల మీద కొన్ని మిల్లీవోల్టుల తేడా పుడుతుంది, దాన్ని మైలుతుత్తం నీళ్ళు పోసిన చిన్న మట్టిగిన్నెల్లాంటి ఎలక్ట్రోడ్లతో పట్టుకుంటారు. మొదటిది తడి ఎక్కడుందో చెబితే, రెండోది ఆ నీరు కదులుతోందో లేదో చెబుతుంది.

తిరకాసు లేదనను. బంకమట్టి ఊట లేకపోయినా తడిలాగే కనిపిస్తుంది, తూము ఇనప గొట్టాలూ పక్కన కరెంటు లైన్లూ రీడింగులు చెడగొడతాయి, ఒక్కసారి కొలిచి ఫోటో దిగి వచ్చేస్తే దండగే. నీరు అడుగంటినప్పుడోసారి, నిండినప్పుడోసారి అవే చోట్ల కొలవాలి, నీటిమట్టంతో పాటు రీడింగు మారే చోట పీజోమీటరు (కట్ట లోపలి నీటి ఒత్తిడి కొలిచే గొట్టం) దింపి ఖాయం చేసుకోవాలి.

2021 డ్యాం సేఫ్టీ చట్టం ఎలాగూ వానాకాలం ముందూ తర్వాతా తనిఖీ చెయ్యమంటోంది కదా, ఆ రెండిటికీ ఈ కొలతలు జత చెయ్యమని ఒక్క ఆర్డరు వెయ్యండి. మనుషుల కోసం వెతకక్కర్లేదు, ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ విభాగం మా ఊళ్ళోనే ఉంది. రైవాడతో మొదలుపెట్టండి, మైలుతుత్తం ఖర్చుకి కావాలంటే మేమే చందాలేసుకుంటాం.

ఇట్లు,
విశాఖ నుంచి ఒక కుళాయి వినియోగదారుడు