జుట్టు రంగు సంగతి, గాగా సంగతి

చిన్నీ,

"నా ఇమేజ్ మొత్తం పోయిందమ్మా" అని ఫోన్లో ఏడ్చావు. చిన్నప్పటి నుంచి త్యాగరాజ కీర్తనలు పాడిన పిల్ల జుట్టుకి నీలం రంగు వేసుకుని బ్యాండ్‌తో స్టేజీ ఎక్కేసరికి చుట్టాలు తలా ఒక మాట అన్నారు. అటు బ్యాండ్ వాళ్లేమో నీ గొంతులో ఇంకా కచేరీ పోలేదంటున్నారు. ఇద్దరికీ సర్దిచెప్పలేక నలిగిపోతున్నావు. ఫోన్లో అయితే చెప్పాల్సింది సగం మర్చిపోతానని రాస్తున్నాను.

ఇంటర్లో ఉన్నప్పుడు నీ గది తలుపుకి పాప్ సింగర్ లేడీ గాగా పోస్టర్ అంటించావు గుర్తుందా? ఈ పిల్లలో మా అమ్మాయికి అంత నచ్చిందేమిటా అని అప్పుడు మొదలుపెట్టి, ఆవిడ గురించి ఏం కనపడినా చదువుతూనే ఉన్నాను. ఇప్పుడు నీకు చెప్పడానికి ఆవిడే పనికొస్తోంది.

అసలు పేరు స్టెఫానీ జర్మనోటా. న్యూయార్క్ పిల్ల. నాలుగేళ్లకే పియానో పట్టింది. మొదట ఒప్పందం చేసుకున్న మ్యూజిక్ కంపెనీ కొద్ది నెలలకే వద్దు పొమ్మంది. 2008లో మొదటి ఆల్బం వచ్చేటప్పటికి 22 ఏళ్లు. ఆ తర్వాత ఆ వేషాలు, విగ్గులు నీకు తెలిసినవే. 2010లో ఎంటీవీ అవార్డులకి పచ్చి మాంసంతో కుట్టిన డ్రెస్ వేసుకొచ్చింది. అప్పట్లో అమెరికా సైన్యంలో గే అయినవాళ్లు ఆ సంగతి దాచుకుంటేనే ఉద్యోగం ఉండేది. ఆ నిబంధన మీద నిరసన అది. ఆ డ్రెస్ నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఎందుకు వేసుకుందో అడిగితే చెప్పుకోవడానికి ఆవిడ దగ్గర కారణం ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, ఈసారి ఏం వేసుకొస్తుందోనని చూసేవాళ్లు ఎక్కువయ్యారు, పాట వినేవాళ్లు తగ్గారు. 2013లో వచ్చిన ఆల్బం ముందువాటిలా ఆడలేదు. అసలు పాటే మానేద్దామనుకున్నానని తర్వాత ఆవిడే చెప్పింది.

అప్పుడు ఆవిడకి అండగా నిలిచింది ఎవరు? ఎనభై దాటిన టోనీ బెనెట్. పాత జాజ్ పాటలకి ఆయన పెట్టింది పేరు. 2014లో ఇద్దరూ కలిసి చేసిన జాజ్ ఆల్బం అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. మరుసటి ఏడాది ఆస్కార్ వేదిక మీద తెల్ల గౌనులో, చేతుల మీద టాటూలు కనపడుతుండగానే, జూలీ ఆండ్రూస్ పాత సినిమా పాటలు పాడింది. దానికోసం నెలల తరబడి గురువు దగ్గర సాధన చేసింది. పాట అవగానే ఆండ్రూస్ స్వయంగా వచ్చి కౌగిలించుకుంది. ఆ టాటూలు ఎవరికైనా అడ్డొచ్చాయా చెప్పు?

నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది 2021 సంగతి. అప్పటికి బెనెట్‌కి అల్జీమర్స్ ముదిరింది. రిహార్సల్స్‌లో ఆవిడ పేరు ఆయన నోట రావడమే లేదు. ఆగస్టులో, ఆయన 95వ పుట్టినరోజున, న్యూయార్క్ రేడియో సిటీ హాల్లో కచేరీ పెట్టారు. పియానో మొదలవగానే ఆయనకి పాటలన్నీ గుర్తొచ్చేశాయి. కాగితం ముక్క చూడకుండా పాడారు. తర్వాత గాగా స్టేజీ మీదికి రాగానే ఆవిడని పేరు పెట్టి పిలిచారు. చాలాకాలం తర్వాత ఆయన నోట తన పేరు విన్నానని, ఏడుపు ఆపుకోవాల్సి వచ్చిందని ఆవిడ ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. చివర్లో, మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే అదృష్టం నాకివ్వండి అని అడిగి ఆయన్ని నడిపించుకుంటూ తీసుకెళ్లింది. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. మాంసం డ్రెస్ అమ్మాయీ ఈవిడే, పెద్దాయన పక్కన అంత ఒద్దికగా నిలబడి పాడిందీ ఈవిడే. దేన్నీ నటన అనలేం.

అలాగని డాన్స్ పాటల్ని వదిలేసిందా? 2025లో మళ్లీ వాటితోనే కొత్త ఆల్బం తెచ్చింది. రియోలో కోపకబానా బీచ్ మీద ఉచితంగా కచేరీ చేస్తే 20 లక్షల మందికి పైగా వచ్చారని అక్కడి అధికారులు లెక్క కట్టారు. జాజ్ నేర్చుకున్నందుకు పాప్ పోలేదు, పాప్ పాడినందుకు జాజ్ మైలపడలేదు.

కాబట్టి చిన్నీ, నీ గొంతులో కచేరీ పోలేదని ఎవరైనా అంటే బాధపడకు. పన్నెండేళ్లు సాధన చేసిన గమకం ఎక్కడికి పోతుంది? ఎందుకు పోవాలి? అవసరమైన చోట వాడుకో, అక్కర్లేని చోట ఆపుకో. ఎక్కడ ఏది అన్నది బ్యాండ్ వాళ్లు కాదు, నీ చెవి చెప్పాలి. నాకు టెన్షన్ జుట్టు గురించి కాదు. ఈ మధ్య పొద్దున్నే శ్రుతి పెట్టుకోవడం మానేశావని నీ రూమ్మేట్ చెప్పింది. అది మాత్రం మళ్లీ మొదలుపెట్టు. గొంతు మెత్తగా ఉంటే ఏ పాటైనా పాడుకోవచ్చు.

పెద్దత్తయ్యతో నేను మాట్లాడతాను, ఆవిడకి నువ్వేమీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. వచ్చే నెల నీ ప్రోగ్రాంకి నాన్నా నేనూ వస్తున్నాం. రైలు టికెట్లు తీసుకున్నాం. జుట్టు నీలమే ఉంచుకుంటావో, నల్లగా మార్చుకుంటావో నీ ఇష్టం. ఆవకాయ తెస్తున్నాను, ఇంకేం కావాలో ముందే చెప్పు.

ప్రేమతో,
అమ్మ