గంగకు రక్తమిచ్చిన బ్రూనోకూ, ఆ రాత్రి మాకు తోడుగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా కుక్క గంగ బతికింది. నెల రోజులుగా వీధిలో ఎదురైన ప్రతివారూ "గంగ ఎలా ఉంది మాస్టారూ?" అని అడుగుతూనే ఉన్నారు. తెలిసినవారికి ఎప్పటికప్పుడు చెబుతున్నాను గానీ, ఆ నాలుగు రోజుల్లో మమ్మల్ని ఆదుకున్నవారిలో సగం మంది పేర్లయినా నాకు తెలియవు. వాళ్లందరికీ ఎలాగైనా చేరుతుందన్న ఆశతో ఇది రాస్తున్నాను.

గంగ మా ఇంటికి వచ్చిన వైనం మా పేటలో చాలామందికి తెలిసిందే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయినప్పుడు, మా మేడమెట్ల మీద, నీటికి రెండు మెట్లు పైన, వణుకుతూ కూర్చుని ఉన్న రెండు నెలల నాటు కుక్కపిల్ల అది. తల్లి ఏమైపోయిందో తెలియదు. పడవల్లో తెచ్చి పంచిన పొట్లాల్లోని పులిహోరను మేమూ అదీ కలిసే తిన్నాం. అంతవరకూ కుక్క అనేదాన్ని గుమ్మం తొక్కనివ్వని మా అమ్మే దానికి గంగ అని పేరు పెట్టింది. నీళ్లు తీశాక ఎవరికైనా ఇచ్చేద్దామన్న నా మాటను మళ్లీ ఎత్తనివ్వనిదీ ఆవిడే.

మొన్న మార్చి నెలలో ఒక శుక్రవారం ఉదయం గంగ పెరుగన్నం ముట్టలేదు. ఎండలు ముదురుతున్నాయి కదా, వేడి చేసిందేమో అనుకుని నేను బడికి వెళ్లిపోయాను. పదో తరగతి పరీక్షల రోజులు కావడంతో నా ధ్యాసంతా పిల్లల మీదే ఉంది. శనివారం అది మంచం కింద నుంచి బయటికి రాలేదు, చెవులు పట్టుకుంటే చెయ్యి కాలింది. ఈ రెండు రోజుల ఆలస్యం పూర్తిగా నాది, ఇంట్లో మరెవరిదీ కాదు. వారం కిందట దాని చెవి మడతలో నుంచి శనగగింజంత పిడుదును నా చేత్తో నేనే తీసి పారేశాను. పిడుదును తీసేస్తే పని అయిపోయిందనుకున్నాను తప్ప, అది అప్పటికే తన పని ముగించి ఉంటుందని నాకు తోచలేదు.

శనివారం సాయంత్రం జ్వరం మాత్రల కోసం మా వీధి చివరి మందుల షాపుకు వెళ్లాను. షాపాయన స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని, ఎవరికండీ అని అడిగి, కుక్కకని చెప్పగానే దాన్ని మళ్లీ అరలో పెట్టేశారు. "మనుషుల మాత్రలు వాటికి పడవు మాస్టారూ, కాలేయం దెబ్బతింటుంది. డాక్టరుకు చూపించకుండా ఏదీ వేయకండి" అన్నారు. అప్పుడు నాకు కొంచెం కష్టంగా కూడా అనిపించింది. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర ఏదైనా ఆ రాత్రి వేసి ఉంటే, రక్తం గడ్డకట్టే శక్తి అప్పటికే సన్నగిల్లిన గంగకు కడుపులో రక్తస్రావమై ఉండేదని డాక్టరుగారు తర్వాత చెప్పాక, ఆయన అమ్మనన్న ఆ మాత్ర విలువ నాకు తెలిసింది. నా మొదటి నమస్కారం ఆయనకు.

ఆదివారం మధ్యాహ్నానికి గంగ మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. లేవబోయి నాలుగు కాళ్లూ తడబడి కూలబడింది. తెలిసిన రెండు క్లినిక్‌లూ ఆదివారం కావడంతో మూసి ఉన్నాయి. మూడో చోట ఫోను ఎత్తిన యువ డాక్టరుగారు, చిగుళ్ల రంగు చెప్పగానే ఇంకేమీ అడగకుండా, "మీరు బయల్దేరండి, నేనూ బయల్దేరుతున్నాను" అన్నారు. ఆవిడకు ఆ రోజు సెలవని అక్కడికి వెళ్లాకగానీ మాకు తెలియలేదు.

కుక్కను ఎక్కించుకోం అని చెప్పి రెండు ఆటోలవాళ్లు వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టను, సీటు పాడైతే ఆ సాయంత్రం బేరాలు పోతాయి. మూడో ఆటో నడిపే పెద్దాయన మాత్రం తన భుజం మీది తువ్వాలును సీటు మీద పరిచి, గంగ నడుము కింద తనూ ఒక చెయ్యి వేసి పడుకోబెట్టారు. గతుకులు వచ్చిన ప్రతిచోటా వేగం తగ్గించారు. మీటరు మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. తువ్వాలు ఉతికి ఇస్తానంటే వద్దని దాని కిందే ఉంచేసి వెళ్లారు. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. అయ్యా, మీ పేరు అడగాలన్న తెలివి కూడా ఆ వేళ నాకు లేకపోయింది. ఇది ఎవరి ద్వారానైనా మీ చెవిన పడితే, ఒక్కసారి మా ఇంటికి రావలసిందిగా మా అమ్మ కోరుతోంది.

రక్తపరీక్షలో పీసీవీ 11 అని వచ్చింది. రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతం ఉన్నాయో చెప్పే లెక్క అది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 37 నుంచి 55 దాకా ఉంటుందట. రెండు లక్షలకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు 38 వేలే ఉన్నాయి. డాక్టరుగారు ఒక చుక్క రక్తాన్ని గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి, నన్నూ చూడమన్నారు. గుండ్రటి ఎర్రకణాల్లో కొన్నింటి లోపల సన్నటి ఉంగరాల వంటి ఆకారాలు ఉన్నాయి. బేబీసియా అన్నారు. పిడుదు కరిచి రక్తం తాగే సమయంలో ఒంట్లోకి దిగే పరాన్నజీవి ఇది, ఎర్రకణంలో దూరి అక్కడే పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటపడి మరో కణాన్ని పట్టుకుంటుంది. పగిలిన కణాల్లోని హిమోగ్లోబిన్ మూత్రంలో దిగడం వల్లే ఆ డికాక్షన్ రంగు వచ్చింది. మనుషుల్లో మలేరియా చేసే పని కూడా దాదాపు ఇదే.

"మందులు ఇప్పుడే మొదలుపెడతాను, అవి పట్టు దొరకబుచ్చుకునే దాకా ప్రాణం నిలవాలంటే మాత్రం దీనికి రక్తం ఎక్కించాలి" అన్నారు డాక్టరుగారు. కుక్కకు కుక్క రక్తం ఎక్కిస్తారన్న సంగతే నేను మొదటిసారి వింటున్నాను. ఎక్కడో నిలవ ఉంటుంది, డబ్బు కట్టి తెచ్చుకుంటామనుకున్నాను. అలాంటిదేదీ ఆ రాత్రికి అందుబాటులో లేదనీ, బతికున్న ఒక ఆరోగ్యమైన కుక్కను దాని మనుషులు ఇష్టపడి తీసుకురావలసిందేననీ తెలిసినప్పుడు నా కాళ్లలో సత్తువ పోయింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి అప్పటికే ఫోనులో సందేశం రాయడం మొదలుపెట్టింది. బరువు 25 కిలోలకు పైన ఉండాలి, వయసు ఏడాదికీ ఎనిమిదేళ్లకూ మధ్యన ఉండాలి, టీకాలన్నీ పడి ఉండాలి, పిడుదుల జ్వరం వచ్చి ఉండకూడదు, తను ఎప్పుడూ రక్తం ఎక్కించుకుని ఉండకూడదు. డాక్టరుగారు చెబుతుండగా రాసుకున్న ఆ ఐదు వాక్యాలను ఎందరు ఎందరికి పంపారో గానీ, రెండు గంటల్లో తొమ్మిది మంది ఫోను చేశారు.

భవానీపురం నుంచి ఇద్దరు అన్నదమ్ములు మోటారుసైకిలు మీద తమ కుక్కను మధ్యలో కూర్చోబెట్టుకుని వచ్చారు. తూస్తే 19 కిలోలే ఉంది. పనికిరాదన్నాక వెళ్లిపోవచ్చు, వాళ్లు వెళ్లలేదు. అర్ధరాత్రి దాకా మాతోనే ఉండి, మా అమ్మాయికి టిఫిను తెచ్చిపెట్టారు. గొల్లపూడి నుంచి ఒక అమ్మ జర్మన్ షెపర్డ్‌ను తెచ్చారు. దానికి పోయిన వానాకాలం ఇదే జ్వరం వచ్చి తగ్గిందని ఆవిడే నిజం చెప్పారు. తగ్గినా క్రిమి లోపల దాగి ఉండవచ్చు కనుక తీసుకోలేమని డాక్టరుగారు చెబితే, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "నాకు ఈ బాధ తెలుసు అన్నయ్యా" అని నాతో అన్నారు. రక్తం ఇవ్వలేకపోయామని ఈ రెండిళ్లవాళ్లూ ఆ తర్వాత కూడా ఫోనులో నొచ్చుకున్నారు. మీ రెండిళ్లవాళ్లూ ఇచ్చింది మాకు తక్కువది కాదని దయచేసి నమ్మండి.

రాత్రి తొమ్మిదిన్నరకు పటమట నుంచి ఆ దంపతులు బ్రూనోను తీసుకొచ్చారు. నాలుగేళ్ల లాబ్రడార్, 34 కిలోలు. టీకాల పుస్తకం ఆవిడ చేతిలో సిద్ధంగా ఉంది. మా పేర్లు కూడా అడగకుండా, "మీ పాప ఎక్కడ?" అని ముందు గంగ దగ్గరికే వెళ్లారు. బ్రూనో రక్తంలో క్రిములేమీ లేవనీ, పీసీవీ 46 ఉందనీ తేలింది. ఇద్దరి రక్తాలనూ కలిపి ఉండలు కడుతుందేమోనని చూశారు, కట్టలేదు. మనలా కాకుండా, కుక్కల్లో ముఖ్యమైన గ్రూపుకు విరుద్ధంగా పనిచేసే పదార్థాలు పుట్టుకతో ఉండవు కనుక మొదటిసారి ఎక్కించినప్పుడు పెద్ద ప్రమాదం అరుదేనట, అయినా ఆ పరీక్ష చేయనిదే సూది ముట్టనన్నారు డాక్టరుగారు.

బల్ల మీద బ్రూనోను పక్కకు పడుకోబెట్టి, మెడ పక్కన అరచేయంత మేర బొచ్చు తీసి, అక్కడి పెద్ద నరంలో సూది పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా ముందే మందు పోసి ఉన్న 350 మిల్లీలీటర్ల సంచిని కాంపౌండరు చేతుల మీద ఉయ్యాల ఊపినట్టు ఊపుతూ ఉన్నాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. బ్రూనో యజమాని నేల మీద మోకాళ్లపై కూర్చుని, దాని ముఖానికి తన ముఖం ఆనించి, "అయిపోయిందిరా నాన్నా, అయిపోయింది" అని మొదటి నిమిషం నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆయన భార్య సూది చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డారు, అయినా ఒక చెయ్యి మాత్రం వెనక్కి చాచి బ్రూనో పాదం పట్టుకునే ఉన్నారు. తమ బిడ్డలాంటిదాన్ని ముక్కూమొహం తెలియని మా కోసం ఆ బల్ల మీద పడుకోబెట్టిన ఆ ఇద్దరినీ చూస్తూ నేను చేతులు జోడించి నిలబడ్డాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

మొదటి అరగంట చుక్కచుక్కగా ఎక్కించారు. వాంతి వస్తుందేమో, దద్దుర్లు లేస్తాయేమో, జ్వరం పెరుగుతుందేమోనని డాక్టరుగారు కుర్చీలోంచి లేవలేదు. పదింబావుకు మొదలైన సంచి రెండింటికి కాస్త ముందు ఖాళీ అయింది. ఒంటిగంట ప్రాంతంలో మా అమ్మాయి పెదవి ఎత్తి చూసి, "నాన్నా, రంగు వచ్చింది" అంది. తెల్లవారాక పరీక్ష చేస్తే పీసీవీ 20. పీసీవీ కన్నా నాకు ఎక్కువ నమ్మకం ఇచ్చింది మరొకటి. మా అమ్మ ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం గిన్నె మూత తీసిన చప్పుడుకు గంగ తల ఎత్తింది.

డబ్బివ్వబోతే బ్రూనోవాళ్లు పెట్రోలు ఖర్చు కూడా తీసుకోలేదు. మా అమ్మ చేసిన సున్నుండలు మాత్రం కాదనలేదు. బ్రూనోకు ఉడికించిన కార్జం పంపాము. మొత్తం వైద్యానికి అయిన 14,600 రూపాయల్లో తొమ్మిది వేలు మా స్టాఫ్‌రూమ్ నుంచి వచ్చాయి, అప్పని ఒక్కరూ అనలేదు. నా పరీక్ష డ్యూటీని రెండు రోజులు తాను సర్దిన ప్రధానోపాధ్యాయురాలికి ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

గురువారం గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాము. అక్కడి ఆచార్యులు గంగను నిదానంగా పరీక్షించి, క్లిండామైసిన్, మెట్రోనిడజోల్, డాక్సీసైక్లిన్ అనే మూడు మందులనూ కొనసాగించమన్నారు. డాక్సీసైక్లిన్ మాత్ర గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది కనుక, అన్నం పెట్టాకే వేసి వెనుకనే నీళ్లు పట్టించాలని ఒక విద్యార్థిని తన చేత్తో వేసి చూపించింది. ఆ రోజు నుంచి మా అమ్మ గోడ క్యాలెండరు మీద పూటపూటకూ సున్నా చుట్టింది. ఒక్కటీ తప్పలేదు.

మా వీధివారికి కూడా చెప్పుకోవాలి. పిడుదులు కుక్క ఒంటి మీద కన్నా గోడ పగుళ్లలో, గుమ్మాల సందుల్లో ఎక్కువ ఉంటాయనీ, ఒక్కొక్కటి వేల గుడ్లు పెడుతుందనీ తెలిశాక, ఇరుపక్కల ఇళ్లవాళ్లూ మాతో పాటు పగుళ్లు పూడ్చి సున్నం వేశారు. కుర్రవాళ్లు చందా వేసుకుని వీధికుక్కలు ఏడింటికీ డాక్టరుగారు రాసిచ్చిన పిడుదుల మాత్రలు మాంసంలో పెట్టి తినిపించారు.

నాలుగో వారం పరీక్షలో గంగ పీసీవీ 39. క్రిమి పూర్తిగా పోయిందని ఇప్పుడే చెప్పలేమనీ, రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేయించాలనీ అన్నారు. చేయిస్తాము. ఇప్పుడు అది మేడమెట్ల మీద, మాకు మొదట కనిపించిన ఆ మెట్టు మీదే పడుకుని, నేను బడి నుంచి వచ్చే వేళకు తోక ఆడిస్తోంది.

ఒకసారి రక్తం ఎక్కించుకున్న కుక్క మరో కుక్కకు రక్తం ఇవ్వకూడదట. కనుక గంగ ఈ బాకీ తీర్చలేదు. నూజివీడులో మా బావమరిది కుక్కను పోయిన ఆదివారం పరీక్ష చేయించి, ఆ రోజు ఫోను చేసినవారందరి వివరాలతో మా అమ్మాయి రాసి పెట్టుకున్న పట్టికలో చేర్పించాము. పేరు రాజా, వయసు మూడేళ్లు, బరువు 31 కిలోలు, టీకాలన్నీ పడ్డాయి. ఎవరికి అవసరం పడినా, రాత్రి ఏ వేళైనా, దాన్ని తీసుకొచ్చే పూచీ నాది.