పెట్టె మీద ‘మసాజర్’ అని రాసి ఉంది, మంత్రి గారూ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఆసుపత్రిలో మంచాల గురించో మందుల కొరత గురించో కాదు, సెక్స్ టాయ్స్ గురించి. ఆ మాట కనపడగానే మీ పేషీలో ఎవరో ఒకరు ఉత్తరం మడిచి పక్కన పెట్టేస్తారని తెలుసు, అందుకే పోస్టులో వేయకుండా నలుగురిలో రాస్తున్నాను.

నాకు ముప్పై ఆరేళ్లు. మా ఆయన మర్చంట్ నేవీ. ఆరేడు నెలలు ఓడ మీద, రెండు మూడు నెలలు ఇంట్లో. మన ఊళ్లో ఇలాంటి కాపురాలు వీధికొకటి ఉంటాయి. కిందటేడు ఆయన వెళ్లే ముందు ఇద్దరం మాట్లాడుకునే ఆన్‌లైన్లో ఒక వైబ్రేటర్ తెప్పించుకున్నాం. నల్ల కవర్లో వచ్చింది. పెట్టె మీద ‘పర్సనల్ మసాజర్’ అని ఉంది, మెడ పట్టుకుని బాధపడుతున్న ఒకాయన బొమ్మ కూడా ఉంది పాపం. లోపల కాగితంలో చార్జింగ్ ఎలా పెట్టాలో రాశారు. ఎలా కడగాలో ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? మెడ మీద పెట్టుకునేదాన్ని కడగడం దేనికి?

అసలు గొడవంతా అక్కడే మొదలైందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నేనేం చేశానంటే, దెబ్బలకు రాసే యాంటీసెప్టిక్ బాత్రూంలో ఉంటే దాంతో కడిగేదాన్ని, అంతకంటే శుభ్రం ఇంకేముంటుంది అనుకుని. పూర్తిగా ఆరకముందే పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచేదాన్ని, ఎందుకంటే మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు. పైగా వానాకాలం. నెల తిరక్కుండా మంట, దురద, తెల్లబట్ట. ఊళ్లోనే ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే డాక్టరు గారు చీటీ రాస్తూ రాస్తూ ఆగి, “మీ ఆయన ఊళ్లో లేరన్నారు కదమ్మా?” అని ఒక చూపు చూశారు. ఆ చూపు తర్వాత ఇంక నేనేం చెప్తాను? మాత్రలు వాడాను, తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడోసారి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను, పెద్దావిడ. ఆవిడ ఏ మొహమాటం లేకుండా “లోపల ఏమైనా వాడుతున్నావా తల్లీ?” అని అడిగారు. ఏడుపొచ్చేసింది. వస్తువు ఎలా ఉంటుందో చెప్పమన్నారు. మెత్తగా, కాస్త జిగురుగా, ప్లాస్టిక్ వాసన. “అది పారేయ్, మందు అప్పుడు పనిచేస్తుంది” అన్నారు. అంతే. మూడు నెలల తిప్పలు పది నిమిషాల్లో తేలిపోయాయి.

ఆవిడ చెప్పింది మీ శాఖ ఎందుకు చెప్పకూడదు అన్నదే నా ప్రశ్న.

వంటింట్లో ఉన్న ఏ ఆడమనిషికైనా ఇది ఇట్టే అర్థమయ్యే సంగతి. వంజరం ముక్కలు కోసిన స్టీలు కత్తి కడిగితే వాసన పోతుంది, చెక్క పలక ఎన్నిసార్లు తోమినా పోదు, ఎందుకంటే చెక్క పీల్చుకుంటుంది. ఈ వస్తువులూ అంతే. సిలికాన్, స్టీలు, బోరోసిలికేట్ గాజు పీల్చుకోవు. జెల్లీ రబ్బరు, టీపీఈ అనే మెత్తటి సరుకు పీల్చుకుంటాయి, వాటి సన్నటి రంధ్రాల్లో సూక్ష్మజీవులు, ఫంగస్ కాపురం పెడతాయి. పైన సబ్బు రాసినా లోపలిది అలాగే ఉంటుంది. చవకరకం మెత్తటి పీవీసీలో థాలేట్లు అనే రసాయనాలు కూడా కలుపుతారు. అలాంటిది వాడక తప్పకపోతే ప్రతిసారీ మీద కొత్త కండోమ్ తొడగాలి.

కడగడానికి వాసన లేని మామూలు సబ్బు, గోరువెచ్చని నీళ్లు చాలు, వాడే ముందూ వాడాకా. అతుకుల్లో, బటన్ల చుట్టూ వేలితో రుద్దాలి. యాంటీసెప్టిక్, సెంటు సబ్బు వద్దు, వాటి మిగులు ఆ సున్నితమైన చర్మాన్ని మండిస్తుంది. మోటారు లేకుండా మొత్తం సిలికానో స్టీలో అయితే అయిదు నిమిషాలు నీళ్లలో మరగబెట్టొచ్చు. మోటారు, బ్యాటరీ ఉన్నదాన్ని మరగబెట్టకూడదు, నీళ్లలో ముంచొచ్చని రాసి ఉంటే తప్ప ముంచకూడదు, తడిగుడ్డకు సబ్బు రాసి తుడవాలి. గాజుదైతే ఎక్కడైనా బీటలు ఉన్నాయేమో ప్రతిసారీ చూసుకోవాలి.

ఇక ఆరబెట్టడం. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని మనకి ఇది ఎవరైనా నేర్పాలా చెప్పండి! కానీ నేర్పలేదు కాబట్టే నేను తడిది పాలిథిన్లో చుట్టాను. బాగా ఆరాక విడిగా నూలు సంచిలో పెట్టాలి. రెండు మూడు ఉంటే ఒకదానికొకటి తగలనివ్వకూడదు, కొన్ని రకాల రబ్బర్లు ఆనుకుని ఉంటే కరిగి అంటుకుపోతాయి. బ్యాటరీలు తీసి పెట్టాలి, లేకపోతే అవి కారి లోపలంతా పాడుచేస్తాయి. పైగా మనది ఉప్పుగాలి ఊరు, బీచ్ రోడ్డు వైపు ఇనుప గ్రిల్సే నిలవవు, ఇవెంత!

ఇంకో రెండు మాటలు, ఇవి సిగ్గుపడి దాస్తే ఆపరేషన్ దాకా పోయేవి. వెనక వైపు వాడేదానికి అడుగున వెడల్పాటి అంచు ఉండి తీరాలి. యోనికి లోపల చివర ఉంటుంది, వస్తువు ఎక్కడికీ పోదు, మలద్వారం అలా కాదు, లోపలికి లాగేసుకుంటుంది. ఇరుక్కుంటే ఇంట్లో చెంచాలు, పటకార్లు పట్టుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెనక వాడినదాన్ని కడగకుండా, కండోమ్ మార్చకుండా ముందు వైపు తేకూడదు. ఒకరు వాడింది ఇంకొకరు వాడినా అంతే, క్లమీడియా, హెచ్‌పీవీ లాంటి లైంగిక అంటువ్యాధులు వస్తువు మీద కూడా ప్రయాణం చేస్తాయి. కొబ్బరినూనె మన ఇళ్లలో సర్వరోగనివారిణి కదా, అది లేటెక్స్ కండోమ్‌ని పాడుచేస్తుందని ఎంతమందికి తెలుసు? జారడానికి రాసుకునే సిలికాన్ జెల్ సిలికాన్ వస్తువుని పాడుచేస్తుంది. నీళ్ల ఆధారంగా చేసిన జెల్ అయితే దేనికీ గొడవ లేదు.

ఇంత చిన్న సమాచారం పెట్టె మీద ఎందుకు రాయరంటే, రాస్తే అది ఏమిటో ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకుంటే పాత ఐపీసీ 292, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 294 కింద అశ్లీల వస్తువుల అమ్మకం అంటారేమోనని భయం. అలాగని మెడనొప్పి పేరు చెప్పినా వదల్లేదు. బాడీ మసాజర్లను సెక్స్ టాయ్స్‌గా వాడొచ్చు కాబట్టి రానివ్వం అని కస్టమ్స్ వాళ్లు అశ్లీల వస్తువుల దిగుమతిని ఆపే 1964 నాటి నోటిఫికేషన్ పట్టుకుని కోర్టు దాకా వెళ్తే, 2024 మార్చిలో బాంబే హైకోర్టు ఆ అప్పీలు కొట్టేసింది. మసాజర్లు గెలిచాయి సరే, నాలాంటి వాళ్లకేం ఒరిగింది? పెట్టె మీద బొమ్మ ఇంకా మెడనొప్పిదే. కండోమ్‌కి మందుల చట్టం ఉంది, ప్యాకెట్ మీద గడువు తేదీ ఉంటుంది. అదే చోట వాడే దీనికి మాత్రం ఏ సరుకుతో చేశారో కూడా చెప్పనక్కర్లేదు. ప్రపంచంలో దీనికి కొలమానం లేదా అంటే ఉంది, ఐఎస్ఓ 3533 అని 2021లోనే వచ్చింది.

చట్టం ఢిల్లీ సంగతి, నాకు తెలుసు, మిమ్మల్ని మార్చమనడం లేదు. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. వైద్య పరికరాల కోసమే కట్టిన మెడ్‌టెక్ జోన్ మన విశాఖలోనే ఉంది, అందులో పరీక్షల ల్యాబులూ ఉన్నాయి. బజార్లో దొరుకుతున్న ఓ ఇరవై రకాలు కొనిపించి అవి ఏ సరుకో, ఏ రసాయనాలున్నాయో పరీక్ష చేయించే వీలుందేమో చూడండి. ఆ ఫలితాలు తెలుగులో పెట్టండి. సుఖవ్యాధుల క్లినిక్కుల్లో, 104కి ఫోన్ చేస్తే మాట్లాడేవాళ్లకి, మందుల షాపుల్లో కుర్రాళ్లకి ఈ విషయం మీద ఒక పూట శిక్షణ ఇప్పించండి. (సుఖవ్యాధి! వ్యాధికి పేరు పెట్టేటప్పుడు సుఖం గుర్తొచ్చింది మనవాళ్లకి.) డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో “మీ ఆయన ఊళ్లో ఉన్నాడా” బదులు “లోపల ఏమైనా వాడుతున్నారా” అన్నది చేర్పించండి. పెళ్లయినవాళ్లనీ కానివాళ్లనీ, మగనీ ఆడనీ, అందరినీ ఒకే గొంతుతో అడగమనండి.

ఒక కాగితం కూడా కావాలి. రెండు వైపులా అచ్చు, అంతే. గోడకు అంటిస్తే ఎవరూ నిలబడి చదవరు కాబట్టి ఆసుపత్రుల్లో ఆడవాళ్ల బాత్రూం తలుపు లోపలి వైపు అంటించండి, మగవాళ్ల వైపు కూడా. భాష మాత్రం దయచేసి “జననేంద్రియ పరిశుభ్రతా సూచనలు” లాగా వద్దు, మా పనిమనిషి లక్ష్మికీ నాకూ ఒకేలా అర్థం కావాలి. మీ శాఖలో రాయడానికి ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే చెప్పండి, నేను రాసిస్తాను, ఎలాగూ ఆయన వచ్చేది సంక్రాంతికి.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ నుంచి
ఒక ఓడ ఉద్యోగి భార్య