మోటుపల్లి రాతి మీద మాట

బావా,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్లో పోర్టులో ఇరుక్కుపోయిన కంటైనర్ల గురించి, సుంకాల లెక్కల గురించి నువ్వు అంత టెన్షన్ పడుతుంటే నాకు మోటుపల్లి గుర్తొచ్చింది. ఫోన్లో తేలే విషయం కాదని ఊరుకున్నా. ఇవాళ తీరిక దొరికింది, రాస్తున్నా. నువ్వూ తీరిగ్గా చదువుకో.

మన చినగంజాం దగ్గరి మోటుపల్లేరా! ఇప్పుడు చూస్తే మామూలు పల్లె. కాకతీయుల కాలంలో వాళ్ల రాజ్యానికి పెద్ద రేవు అదే. ఓరుగల్లు సముద్రానికి ఎంత దూరమో నీకు తెలుసుగా. గణపతిదేవుడు తీరాంధ్రని గెలుచుకున్నాకే ఆ రాజ్యానికి సముద్రం అందింది. ఆయన 1244-45లో వేయించిన శాసనం అక్కడి వీరభద్రస్వామి గుళ్లో స్తంభం మీద ఉంది. ఓడల మీద వచ్చిపోయే వర్తకులకి ఇచ్చిన అభయం అది.

అందులో ఏముందో నా మాటల్లో చెబుతా. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే, పూర్వపు రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లట. మేము మాత్రం దయతోను, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం అంటాడు. ఎవరికి వదులుతున్నాడో చెప్పే మాట చూడు: ప్రాణం కన్నా ధనమే గొప్పదని సముద్రయానానికి తెగించినవాళ్లకి! డబ్బు కోసం ప్రాణం పణంగా పెట్టేవాణ్ణి లోకం దురాశాపరుడనే అంటుంది. ఈ రాజు అతని తెగింపుని గుర్తించి, దాన్ని రాతి మీద చెక్కించాడు. ఆ ఒక్క వాక్యం కోసమే గణపతిదేవుడంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఆ పాత ఆచారం ఎంత ఘోరమో ఆలోచించు. ఓడ పగిలింది, తోటివాళ్లు కొందరు మునిగిపోయారు, నువ్వు ఎలాగో ఒడ్డున పడ్డావు. కళ్ల ముందే నీ మూటలు ఇసుకలోకి కొట్టుకొస్తున్నాయి. ఇంతలో రాజభటులు వచ్చి అవి మావి అంటారు. ఇది మన తీరంలోనే కాదు, చాలా దేశాల్లో ఉన్నదే. మొరాకో నుంచి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా 1340ల నాటి సంగతి ఒకటి రాశాడు. కాలికట్ దగ్గర తుఫానులో ఓడ బద్దలైంది. ఒడ్డుకి చేరిన సరుకుని జనం ఎత్తుకుపోకుండా రాజుగారి మనుషులే వాళ్లని కొట్టి తరిమారట. మలబారులో మిగతా చోట్ల పగిలిన ఓడ సరుకు ఖజానాకి పోతుందని, కాలికట్‌లో మాత్రం యజమానికే దక్కుతుందని, అందుకే ఆ ఊరు అంత వృద్ధిలోకి వచ్చిందని ఆయనే అన్నాడు. మన గణపతిదేవుడు అంతకు దాదాపు నూరేళ్ల ముందే ఆ పని చేశాడు.

ఇక సుంకం. నీకు నచ్చే భాగం ఇదే. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. ఆ తర్వాత సరుకుల జాబితా ఉంది: చందనం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పునుగు, రాగి, సీసం, పట్టు దారం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. ముఖ్యమైన సరుకులకి దేనికెంతో విడివిడిగా చెక్కించారు. గుడి స్తంభం మీద రేటు చెక్కి ఉంటే, రేవులో కూర్చున్న అధికారి నోటికొచ్చినంత అడగడం కష్టం కదా! పైగా దేవుడి ఎదుట ఇచ్చిన మాట. పరాయి దేశపు వర్తకుడికి మన రాజు మీద నమ్మకం కలగాలంటే అంతకన్నా గట్టి పూచీ ఆ కాలంలో ఇంకేముంటుంది?

రాజు లాభం కూడా ఇందులో ఉందని నువ్వంటావు. ఉందిరా, ఎందుకు లేదు? సైన్యానికి మేలుజాతి గుర్రాలు కావాలి, అవి అరబ్బు, పారశీక దేశాల నుంచి ఓడలెక్కి రావాల్సిందే. వర్తకుడు రాకపోతే గుర్రమూ లేదు, సుంకమూ లేదు. కానీ ‘ధర్మం కోసం’ అన్న మాట ఊరికే పెట్టింది అని నేననుకోను. ఆయన గోళకీ మఠం అనే శైవ సంప్రదాయానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుల దగ్గర శైవదీక్ష తీసుకున్నాడు. ఆ గురువుది గౌడ దేశం, బెంగాల్ వైపు. ఆ గురువుకి గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామాన్ని కూతురు రుద్రమదేవి 1261లో ధారపోసింది, వెలగపూడినీ కలిపి. అవునురా, ఇప్పుడు సచివాలయం ఉన్న ఆ వెలగపూడే! మల్కాపురం శాసనంలో ఉంది ఇదంతా.

ఆ దానంతో ఆ గురువు అక్కడ పెట్టిన మఠంలో వేదాలు, తర్కం, సాహిత్యం, ఆగమాలు చెప్పే గురువులున్నారు. వైద్యుడున్నాడు, లెక్కలు రాసే కాయస్థుడున్నాడు. ఆరోగ్యశాలతో పాటు ప్రసూతిశాల కూడా ఉంది. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా అన్నం పెట్టాలని రాశారు. పదమూడో శతాబ్దంలో ప్రసూతిశాలకి ఊరి ఆదాయంలో వాటా! చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వెనిస్ యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. ఇక్కడ ఏలుతున్న రాణి మహా వివేకవంతురాలని పొగిడాడు గానీ, రుద్రమని గణపతిదేవుడి భార్య అనుకున్నాడు. ఇక్కడి సన్నబట్టని సాలెగూడుతో పోల్చి, ఏ దేశపు రాజూ రాణీ అయినా దాన్ని సంతోషంగా కట్టుకుంటారన్నాడు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. ఆ గొడవల్లో మోటుపల్లి వ్యాపారమూ దెబ్బతింది. తర్వాత కొండవీటి అనపోతారెడ్డి 1358లో అక్కడే మళ్లీ శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడాలనుకునే వర్తకులకి భూములిస్తాం, బంగారం మీద సుంకం ఎత్తేస్తున్నాం, చందనం మీద తగ్గిస్తున్నాం అన్నాడు. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తి రాజు తీసుకునే పద్ధతినీ రద్దు చేశాడు. ఊరుగాని ఊళ్లో చనిపోతే తన సొత్తు ఇంటికి చేరుతుందా అన్నది ఓడ వర్తకుడికి పెద్ద భయం. గణపతిదేవుడు సముద్రం భయాన్ని తీరిస్తే, ఈయన చావు భయాన్ని తీర్చాడు. వంశం మారినా, ఏలికలు మారినా ఆ రేవుకి ఏం కావాలో ఇద్దరూ ఒకేలా అర్థం చేసుకున్నారు చూశావా!

సంక్రాంతికి వస్తావుగా, మోటుపల్లి వెళ్దాం. చెల్లెమ్మని, పిల్లల్ని కూడా తీసుకురా, తిరుగు దారిలో సముద్రం చూపిద్దాం. ఈలోగా చందనానికి, కర్పూరానికి, పగడాలకి ఇప్పుడు మీ పోర్టులో సుంకం ఎంతెంత పడుతుందో ఒక కాగితం మీద రాసి పంపు. పాత రేట్ల పక్కన పెట్టి చూడాలని ఉంది.

నీ బావ